మలాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ కంటే ముందు ఇచ్చే రేడియేషన్: దాని వల్ల వచ్చే ఇబ్బందులపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల నుంచి మలాశయ క్యాన్సర్ చికిత్స కోసం హైదరాబాద్ వెళ్లే రోగులు, వారి వెంట వచ్చే కుటుంబ సభ్యులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. రేడియేషన్ వల్ల ఇబ్బందులేమీ ఉండవని ఈ పేజీ చెప్పదు. ఇబ్బందులు ఉంటాయి, వాటిలో కొన్ని ఏళ్ల తరబడి ఉంటాయి. అయితే చాలావరకు ముందే తెలిస్తే తట్టుకోగలిగినవి, మొదలైన రోజే చెబితే మందులతో అదుపులోకి వచ్చేవి. చెప్పడానికి సిగ్గుపడి దాచుకున్నప్పుడు, చికిత్స మధ్యలో మానేసినప్పుడు మాత్రం అవే ప్రాణం మీదకు వస్తాయి. ఈ జవాబులు మీ డాక్టరు సలహాకు బదులు కావు; డాక్టరును ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

ఎలాగూ ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తారు కదా, ముందుగా రేడియేషన్ ఎందుకు?

మలాశయం అంటే మలద్వారం నుంచి లోపలికి సుమారు 15 సెంటీమీటర్ల వరకు ఉండే పెద్దపేగు చివరి భాగం. అది నడుము కింది ఎముకల మధ్య చాలా ఇరుకైన చోట, ముందువైపు మూత్రాశయానికి, ఆడవారిలో గర్భసంచికి, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథికి ఆనుకుని ఉంటుంది. అంత ఇరుకులో సర్జన్ ఎంత జాగ్రత్తగా గడ్డను, దాని చుట్టూ ఉన్న కొవ్వును కలిపి తీసినా, అంచుల్లో కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు మిగిలిపోయే అవకాశం ఉంటుంది. అవి అక్కడే మళ్లీ పెరిగితే నరాలను నొక్కి భరించలేని నొప్పి పెడతాయి, రెండోసారి ఆపరేషన్ చేయడం చాలా కష్టమవుతుంది. ఆ తిరగబెట్టడాన్ని తగ్గించడమే ముందస్తు రేడియేషన్ ఉద్దేశం.

స్వీడన్‌లో జరిగి 1997లో ప్రచురితమైన పరిశీలనలో ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవారిలో 27 శాతం మందికి ఐదేళ్లలోపు అదే చోట జబ్బు తిరగబెట్టగా, ముందు రేడియేషన్ తీసుకున్నవారిలో అది 11 శాతానికి తగ్గింది. తర్వాత ఆపరేషన్ పద్ధతి బాగా మెరుగుపడింది. మెరుగైన ఆపరేషన్‌తో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలనలో పదేళ్లకు ఆ లెక్క రేడియేషన్ లేకుండా 11 శాతం, రేడియేషన్‌తో 5 శాతం. ఆపరేషన్ తర్వాత ఇవ్వకూడదా అని కూడా చాలామంది అడుగుతారు. జర్మనీలో జరిగి 2004లో ప్రచురితమైన పరిశీలన సరిగ్గా దాన్నే పోల్చి చూసింది: ముందు ఇస్తే తిరగబెట్టడం 6 శాతం, తర్వాత ఇస్తే 13 శాతం. తీవ్రమైన దీర్ఘకాలిక ఇబ్బందులు కూడా ముందు ఇస్తే 14 శాతం మందిలో, తర్వాత ఇస్తే 24 శాతం మందిలో కనిపించాయి. అంటే రేడియేషన్ తప్పనిసరి అయినప్పుడు ముందుగా తీసుకోవడమే శరీరానికి తక్కువ కష్టం.

ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. కటి భాగంలో, అంటే నడుము కింది ఎముకల మధ్య, జబ్బు తిరగబెట్టడాన్ని రేడియేషన్ బాగా తగ్గిస్తుంది కానీ, ఈ నెదర్లాండ్స్, జర్మనీ పరిశీలనల్లో మొత్తం మీద ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అందుకే ఇబ్బందులను లాభంతో తూచి చూడాల్సిన అవసరం ప్రతి రోగి విషయంలోనూ ఉంటుంది.

అయితే ఇది అందరికీ అవసరం లేదా?

లేదు. గడ్డ పేగు గోడ దాటనప్పుడు, చుట్టూ క్యాన్సర్ పాకిన లింఫ్ గ్రంథులు లేనప్పుడు సాధారణంగా నేరుగా ఆపరేషన్‌కే వెళ్తారు. మలాశయం పైభాగంలో ఉన్న గడ్డలకు కూడా చాలాసార్లు అక్కర్లేదు. గడ్డ గోడ దాటి అంచుకు దగ్గరగా వచ్చినప్పుడు, పక్క అవయవాన్ని పట్టుకున్నప్పుడు, అలాంటి గ్రంథులు ఉన్నప్పుడు, మలద్వారానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు రేడియేషన్ లాభం ఎక్కువ. ఇది నిర్ణయించేది కటి భాగపు ఎం.ఆర్.ఐ. స్కాన్. ఆ స్కాన్ లేకుండా, సి.టి. ఒక్కటే చూసి రేడియేషన్ మొదలుపెడతామంటే కారణం అడగండి, అడగడం మీ హక్కు. కొందరు రోగులకు ముందు కీమోథెరపీ ఇచ్చి, గడ్డ బాగా తగ్గితే రేడియేషన్ మానుకోవచ్చని 2023లో ప్రచురితమైన అమెరికా పరిశీలన చూపింది. ముఖ్యంగా పిల్లలు కావాలనుకునే వయసువారు ఈ దారి తమకు కుదురుతుందేమో తప్పక అడగాలి.

కొందరికి ఐదు రోజులు, కొందరికి ఐదు వారాలు ఇస్తున్నారు. ఇబ్బందుల్లో తేడా ఉంటుందా?

చిన్న కోర్సులో రోజుకు 5 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున ఐదు రోజుల్లో 25 గ్రే ఇస్తారు. పెద్ద కోర్సులో రోజుకు 1.8 నుంచి 2 గ్రే చొప్పున, శని ఆదివారాలు వదిలి, 25 నుంచి 28 రోజుల్లో 45 నుంచి 50.4 గ్రే వరకు ఇస్తారు. దాంతోపాటు కేపసిటబిన్ అనే కీమోథెరపీ మాత్రలు ఉంటాయి.

పెద్ద కోర్సులో విరేచనాలు, మంట, నీరసం మూడో వారం నుంచి మెల్లగా మొదలై చివరి వారంలో ఎక్కువవుతాయి. అప్పటికి రోగి రోజూ ఆసుపత్రికి వస్తూనే ఉంటాడు కాబట్టి చూసేవారు ఉంటారు. చిన్న కోర్సు సంగతి వేరు. ఐదు రోజులూ ఏమీ కాదు. రోగి సంతోషంగా అచ్చంపేటకో దేవరకొండకో వెళ్లిపోతాడు. ఆ తర్వాతి వారంలో, ఒక్కోసారి రెండో వారంలో, విరేచనాలు, కడుపునొప్పి, మలద్వారం దగ్గర మంట మొదలవుతాయి. రేడియేషన్ అయిపోయింది కదా, ఇది వేరే ఏదో కలరా లాంటిదని ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర సెలైన్ పెట్టించుకుని ఊరుకునేవారు చాలామంది. ఇది రేడియేషన్ ప్రభావమే. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే ఫోన్ నంబరు అడిగి పెట్టుకోండి. చిన్న కోర్సులో కొద్దిమందికి రేడియేషన్ పెట్టిన గంటల్లోనో, ఆ రెండు మూడు రోజుల్లోనో పిరుదుల నుంచి తొడల వెనక భాగంలోకి గుంజినట్టు నొప్పి వస్తుంది. అది నరాల మీద ప్రభావం. సాధారణంగా తగ్గిపోతుంది కానీ, మరుసటి రోజు యంత్రం ఎక్కే ముందు తప్పక చెప్పాలి.

చిన్న కోర్సు తర్వాత వారంలోపే ఆపరేషన్ చేయవచ్చు, లేదా నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగవచ్చు. స్వీడన్‌లో ఈ రెండింటినీ పోల్చినప్పుడు, వెంటనే ఆపరేషన్ చేసినవారిలో 53 శాతం మందికి, ఆగి చేసినవారిలో 41 శాతం మందికి ఆపరేషన్ అనంతర ఇబ్బందులు వచ్చాయి. పెద్ద కోర్సు తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల వరకు ఆగుతారు. ఈ విరామం డాక్టర్ల అలసత్వం కాదు. గడ్డ కరగడానికీ, వాచిన కండ ఆరడానికీ ఇచ్చే సమయం.

కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా? జుట్టు రాలుతుందా? ఇంట్లో చిన్న పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చా?

నొప్పి ఉండదు, ఒంట్లోకి విద్యుత్తు పోదు, షాక్ కొట్టదు. ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది. తల జుట్టు రాలదు. రేడియేషన్ తగిలే చోట వెంట్రుకలు మాత్రం పోవచ్చు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ శరీరంలో మిగలదు కాబట్టి పిల్లలను ఎత్తుకోవచ్చు, కలిసి తినవచ్చు, ఒకే మంచంలో పడుకోవచ్చు. రోగికి వేరే కంచం, వేరే గది పెట్టడం అనవసరమే కాదు, వారిని చాలా బాధపెట్టే పని కూడా.

రేడియేషన్ ఇచ్చే ముందు నీళ్లు తాగించి కూర్చోబెడుతున్నారు, ఎందుకు?

మూత్రాశయం నిండి ఉంటే అది చిన్నపేగును పైకి నెడుతుంది. చిన్నపేగు రేడియేషన్ దారిలో నుంచి ఎంత తప్పుకుంటే విరేచనాలు అంత తగ్గుతాయి. అందుకే ఒక అర లీటరు నీళ్లు తాగి, అరగంటో ముప్పావుగంటో మూత్రం ఆపుకుని ఉండమంటారు. ఎంత తాగాలో, ఎంతసేపు ఆగాలో మీ విభాగం వారు చెప్పిన లెక్కే పాటించండి. ముఖ్యమైనది ప్రతిరోజూ ఒకేలా ఉండటం. మొదటి రోజు నిండుగా, పదో రోజు ఖాళీగా ఉంటే, వేసిన ప్లాన్ పేగు మీద తప్పుతుంది. క్యూలో ఆలస్యమై ఆపుకోలేకపోతే సిగ్గుపడకుండా టెక్నీషియన్‌కు చెప్పి, మూత్రం పోసుకుని, మళ్లీ తాగి ఆగండి. ఆపుకోలేకపోయిన సంగతి చెప్పకుండా యంత్రం ఎక్కవద్దు. ఒంటి మీద పెట్టిన చుక్కల గుర్తులను రుద్ది కడగకూడదు.

చికిత్స జరిగే రోజుల్లో ఎక్కువమందికి వచ్చే ఇబ్బందులు ఏవి?

విరేచనాలు, మలం వచ్చినట్టే అనిపించి రాకపోవడం, జిగురు పడటం, కొద్దిగా రక్తం, మూత్రంలో మంట, మాటిమాటికి మూత్రం, తొడల సందుల్లో, మలద్వారం చుట్టూ చర్మం ఎర్రబడి మండటం, ఆకలి మందగించడం, పడుకున్నా తీరని నీరసం. కొందరిలో రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి వారానికోసారి రక్తపరీక్ష చేస్తారు. వీటిలో ఎక్కువ భాగం రేడియేషన్ ముగిసిన రెండు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతాయి.

మొదటి వారంలో గడ్డ కొద్దిగా వాచి, అంతకుముందే ఇరుకుగా ఉన్న దారి మరింత బిగుసుకోవచ్చు. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులు అవుతుంటే పేగు మూసుకుపోయిందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దారి బాగా మూసుకున్న రోగులకు రేడియేషన్ కంటే ముందే కడుపు మీద తాత్కాలికంగా స్టోమా (మలం సంచిలోకి పోయేలా పేగును బయటికి తెచ్చే దారి) పెట్టేది ఇందుకే.

విరేచనాలు మొదలైతే ఏం తినాలి, ఏం మానాలి?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దక్షిణ తెలంగాణ ఎండల్లో విరేచనాలను తేలిగ్గా తీసుకోవడం నిజంగా ప్రమాదం. రోహిణి కార్తెలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లో, రోజుకు ఆరేడు సార్లు విరేచనాలు అవుతున్న మనిషి బస్టాండులో రెండు గంటలు నిలబడితే ఒంట్లో నీరు ఎంత పోతుందో ఆలోచించండి. నోరు ఎండిపోవడం, మూత్రం చిక్కగా, తక్కువగా రావడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కనిపించాయంటే నీటి కొరత అప్పటికే ముదిరిందని అర్థం. రక్తపోటు మాత్రలు వాడేవారిలో ఇది కిడ్నీల మీదకు త్వరగా వస్తుంది. ఆ రోజు ఆ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

ఓ.ఆర్.ఎస్. పొడి లీటరు నీళ్లలో పూర్తి ప్యాకెట్ కలిపి, గుక్కగుక్కగా రోజంతా తాగాలి. అర గ్లాసులో సగం ప్యాకెట్ కలపడం, పంచదార ఎక్కువ వేయడం తప్పు. ఉప్పు వేసిన పలుచని సల్ల, గంజి, అన్నం, పెరుగన్నం, అరటిపండు, ఉడికించిన ఆలుగడ్డ, గుడ్డు తట్టుకోగలరు. జొన్న రొట్టె, మక్క గట్క మన ఇళ్లలో మంచి తిండే కానీ, విరేచనాలు అవుతున్న రోజుల్లో వాటి పీచు పేగును ఇంకా కదిలిస్తుంది. తగ్గాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. పచ్చిమిరప తొక్కు, పచ్చి ఉల్లిగడ్డ, వేపుళ్లు, పాలు పడనివారికి పాలు, ఇవన్నీ కొన్నాళ్లు ఆపాలి. కల్లు చలువ చేస్తుందని కొందరు పోస్తారు. ఇది కల్లుకు గానీ సారాకు గానీ సమయం కాదు. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర పనిచేస్తుంది, కానీ ఎన్ని, ఎప్పుడు అన్నది డాక్టరు చెప్పాలి. జ్వరం ఉన్నప్పుడు సొంతంగా వేసుకోవద్దు.

చర్మం మండుతుంటే ఏం చేయాలి?

గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా మెత్తని నూలు బట్టతో అద్దాలి. వదులైన నూలు దుస్తులు వేసుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద, పౌడర్లు, డెట్టాల్ నీళ్లు వాడవద్దు. విభాగంలో రాసిచ్చిన క్రీమే రాయాలి. చర్మం తడిగా ఊడిపోతుంటే చూపించాలి. బండ మీద ఎక్కువసేపు కూర్చోవడం, సైకిల్, బైక్ ప్రయాణం తగ్గించండి.

కేపసిటబిన్ మాత్రల వల్ల వేరే ఇబ్బందులు ఉంటాయా?

ఉంటాయి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, పొరలూడి, మండటం వీటిలో సామాన్యం. నాట్లు వేసేవారు, పత్తి ఏరేవారు, సిమెంట్ పని చేసేవారు మాత్రలు వాడే రోజుల్లో ఆ పనులు చేయకూడదు. నోటి పుండ్లు, వాంతులు రావచ్చు. ఛాతీలో నొప్పి వస్తే ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఈ మందు కొందరిలో గుండె రక్తనాళాలను బిగిస్తుంది. అరుదుగా కొందరి శరీరంలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. వారికి మొదటి కొన్ని రోజుల్లోనే తీవ్రమైన విరేచనాలు, నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోవడం జరుగుతుంది. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్, మూర్ఛకు ఫెనిటోయిన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. పసరు మందు, నాటు మందు ఏదైనా వాడుతున్నా చెప్పాలి. డాక్టరు కోప్పడతారని దాచవద్దు.

రోజూ ఊరి నుంచి వెళ్లి రావచ్చా?

చాలామంది అలాగే చేయాలనుకుంటారు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండు వారాలు చేయగలుగుతారు. మూడో వారం నుంచి, విరేచనాలు మొదలయ్యాక, మరుగుదొడ్డి లేని బస్సులో రెండున్నర గంటల ప్రయాణం నరకం అవుతుంది. దారిలో దిగాల్సి వస్తుందన్న భయంతో రోగి తినడం, నీళ్లు తాగడం మానేస్తాడు. నీరసం ముదరడానికి ఇది ఒక పెద్ద కారణం. వీలైతే ఆసుపత్రికి దగ్గరలో గది తీసుకోండి, లేదా రోగుల సహాయకులకు ఉండే వసతి గురించి ఆసుపత్రి సామాజిక కార్యకర్తను అడగండి. తప్పదనుకుంటే బస్సు కంటే మరుగుదొడ్డి ఉండే రైలు మేలు. క్యాన్సర్ రోగులకు రైల్వే రాయితీ కూడా ఉంది, ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి. ప్రభుత్వ పరిధిలో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఈ చికిత్స చేస్తాయి. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచారు.

మధ్యలో వారం రోజులు ఆపితే నష్టమా?

నష్టమే. ఆగిన రోజుల్లో మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి, అప్పటిదాకా పడ్డ కష్టం సగం వృథా అవుతుంది. పండక్కో, పెళ్లికో, నాట్లకో, పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లే ముఠా బయల్దేరుతుందనో ఆపవద్దు. డాక్టరే ఇబ్బందులు చూసి రెండు రోజులు ఆపమంటే అది వేరు. యంత్రం చెడిపోయి ఆగితే, ఆ రోజులను ఎలా పూడుస్తారో అడగండి.

ఎవరికి ఇబ్బందులు ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది?

అదుపులో లేని షుగర్ ఉన్నవారికి, బీడీ, చుట్ట, గుట్కా మానలేనివారికి, రక్తహీనత ఉన్నవారికి, పేగుల్లో అల్సరేటివ్ కొలైటిస్ వంటి జబ్బు ఉన్నవారికి, ఇదివరకు కడుపు ఆపరేషన్ అయినవారికి, పేగు టీబీ వచ్చి తగ్గినవారికి. పాత ఆపరేషన్, టీబీ వల్ల పేగులు ఒకదానికొకటి అతుక్కుని కటి భాగంలోనే ఉండిపోతాయి, మూత్రాశయం నింపినా పైకి జరగవు.

ఇక్కడ మన ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దేశంలో గర్భసంచి తీసివేత ఆపరేషన్లు అతి ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ముప్పై, నలభై ఏళ్లకే తీయించుకున్నవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. గర్భసంచి లేకపోతే ఆ ఖాళీలోకి చిన్నపేగు జారి, రేడియేషన్ సరిగ్గా దాని మీదే పడుతుంది. అందుకని పాత ఆపరేషన్ల సంగతి అడిగినప్పుడు, గర్భసంచి ఆపరేషన్‌ను ఎప్పుడో అయిపోయిన చిన్న విషయమని వదిలేయవద్దు. అది తెలిస్తే బోర్లా పడుకోబెట్టి, పొట్ట కిందికి జారే ప్రత్యేక పలక మీద ప్లాన్ చేయవచ్చు, లేదా పేగును తప్పించే ఐ.ఎం.ఆర్.టి. పద్ధతి ఎంచుకోవచ్చు. ఇదివరకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారైతే ఆ కాగితాలు తప్పనిసరి. ఒకసారి పూర్తి మోతాదు పడిన చోట మళ్లీ అంతే ఇవ్వడం కుదరదు.

మాది ఫ్లోరైడ్ ఊరు. నడుము, కీళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నాయి. రేడియేషన్ ఎముకల మీద పనిచేస్తుందా?

కటి ఎముకలు, ముఖ్యంగా వెన్ను చివరి త్రికాస్థి, రేడియేషన్ దారిలోనే ఉంటాయి. కొన్ని నెలల తర్వాత, ఏడాది రెండేళ్లకు కూడా, అక్కడ సన్నని పగుళ్లు రావచ్చు. వయసు మళ్లిన ఆడవారిలో ఇది ఎక్కువ. నడుము కింద నొప్పి, నడిస్తే పెరగడం, పడుకుంటే తగ్గడం దీని లక్షణం. అది క్యాన్సర్ ఎముకకు పాకిందేమోనన్న భయం పుట్టిస్తుంది కానీ, ఎం.ఆర్.ఐ. చూస్తే సాధారణంగా తేడా తెలుస్తుంది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఎన్నో ఏళ్లు బోరు నీళ్లు తాగినవారిలో ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు స్కాన్‌లో మామూలు కంటే తెల్లగా, గట్టిగా కనిపిస్తాయి. సంగతి తెలియని డాక్టరుకు అది క్యాన్సర్ పాకినట్టు అనిపించే ప్రమాదం ఉంది. ఇప్పుడు భగీరథ నీళ్లు తాగుతున్నా, పాత ఫ్లోరైడ్ నష్టం ఎముకలో ఉంటుంది. కాబట్టి మొదటి రోజే మీ ఊరి పేరు, నీళ్ల సంగతి, నొప్పులు ఎప్పటినుంచి ఉన్నాయో చెప్పి రాయించండి. వెన్ను బిగుసుకుపోయి బోర్లా గానీ, చదునుగా గానీ పడుకోలేనివారు కూడా ప్లానింగ్ స్కాన్ కంటే ముందే చెప్పాలి. విటమిన్ డి, కాల్షియం పరీక్షలు అవసరమా అని అడగండి.

రేడియేషన్ వల్ల ఆపరేషన్ తర్వాత గాయం మానదంటారు, నిజమేనా?

కొంతవరకు నిజం. మలద్వారాన్ని కూడా తీసేసే ఆపరేషన్‌లో పిరుదుల మధ్య కుట్లు వేస్తారు. నెదర్లాండ్స్ పరిశీలనలో ఆ గాయం ఇబ్బంది పెట్టినవారు రేడియేషన్ తీసుకున్నవారిలో 29 శాతం, తీసుకోనివారిలో 18 శాతం. గాయం విచ్చుకోవడం, చీము పట్టడం, మానడానికి నెలలు పట్టడం జరుగుతుంది. షుగర్ అదుపు, మంచి తిండి, ఆపరేషన్‌కు కనీసం నెల ముందు నుంచి పొగ మానడం ఇక్కడ నిజంగా ఫలితం చూపుతాయి. గాయం పెద్దదైతే తొడ లేదా పిరుదు కండను తెచ్చి పూడ్చే పద్ధతి ఉంది.

పేగులను కలిపి కుట్టిన చోట లీక్ కావడం గురించి కూడా అడుగుతారు. అదే పరిశీలనలో లీకులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా, 11, 12 శాతంగా ఉన్నాయి. అయినా రేడియేషన్ తీసుకున్నవారిలో, గడ్డ కిందగా ఉన్నప్పుడు, కుట్టుకు భద్రతగా తాత్కాలిక స్టోమా పెట్టడం మామూలు. ఆ సంచి శిక్ష కాదు, లీకైతే కడుపంతా పాడవకుండా కాపాడేది.

చిన్నపేగు స్టోమా ఉన్నవారికి ఎండాకాలం ఒక జాగ్రత్త. సంచిలోకి రోజుకు లీటరున్నర దాటి నీళ్లలా పడుతుంటే ఒట్టి నీళ్లు ఎక్కువగా తాగవద్దు. ఒట్టి నీళ్లు ఇంకా ఎక్కువగా పోయేలా చేస్తాయి. ఓ.ఆర్.ఎస్. తాగుతూ ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఆపరేషన్ అయ్యి సంచి తీసేశాక అంతా మునుపటిలా ఉంటుందా?

చాలామందికి ఉండదు, ఇది ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్లే ఎక్కువ బాధ. రోజుకు చాలాసార్లు వెళ్లాల్సి రావడం, ఒకసారి వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లడం, ఆపుకోలేకపోవడం, గాలి అనుకుంటే మలం రావడం ఉంటాయి. మలాశయం తీసేసినందుకే కొంత ఇలా జరుగుతుంది, రేడియేషన్ దాన్ని పెంచుతుంది. నెదర్లాండ్స్ రోగులను ఐదేళ్ల తర్వాత అడిగితే, రేడియేషన్ తీసుకున్నవారిలో 62 శాతం మంది, తీసుకోనివారిలో 38 శాతం మంది మలం అదుపు తప్పుతోందని చెప్పారు.

మొదటి ఏడాదిలో కొంత మెరుగవుతుంది. ఆ తర్వాత మిగిలిన దానికి కూడా చేయగలిగింది ఉంది: బయటికి వెళ్లే ముందు లోపెరమైడ్, మలాన్ని గట్టిపరిచే ఇసబ్గోల్, కటి కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్ట్, రోజుకోసారి నీటితో పేగు కడుక్కునే పద్ధతి. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసినవారు, బస్సెక్కాలంటే ముందురోజు నుంచి ఉపవాసం ఉండేవారు ఉన్నారు. ఇది వయసు వల్ల వచ్చిందని ఒప్పుకుని ఇంట్లో ముడుచుకోవద్దు. డాక్టరు అడగకపోయినా మీరే ఈ మాట ఎత్తండి. ఎన్ని ప్రయత్నించినా అదుపులోకి రానప్పుడు శాశ్వత స్టోమా ఎంచుకుని, మళ్లీ తిరగగలిగినవారూ ఉన్నారు.

ఆలస్యంగా వచ్చే మిగిలిన ఇబ్బందుల్లో చిన్నపేగు మూసుకుపోవడం, మూత్రంలో రక్తం, మలద్వారం నుంచి రక్తం ఉన్నాయి. రక్తం కనిపిస్తే మొలలని అనుకోకుండా స్కోపీ (కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్ష) చేయించాలి.

పిల్లలు పుట్టే అవకాశం, భార్యాభర్తల సంబంధం మీద ప్రభావం ఉంటుందా?

ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, అందుకే తర్వాత తిరిగి రాని నష్టం జరుగుతుంది. మన దేశంలో నలభై ఏళ్లలోపు వారిలోనూ ఈ జబ్బు కనిపిస్తోంది. కటి భాగానికి పడే ఈ మోతాదుకు ఆడవారి అండాశయాలు దాదాపుగా పనిచేయడం మానేస్తాయి, నెలసరి ఆగిపోతుంది, గర్భసంచి కూడా బిడ్డను మోయలేని స్థితికి రావచ్చు. రేడియేషన్ మొదలుకాకముందే అండాశయాలను పైకి జరిపి కుట్టడం, అండాలను లేదా పిండాలను భద్రపరచడం సాధ్యం. మగవారు వీర్యాన్ని భద్రపరచుకోవచ్చు. వీర్యానికి కొద్ది రోజులు చాలు, అండాలకు, పిండాలకు సుమారు రెండు వారాలు పట్టవచ్చు, కానీ మొదటి రోజు రేడియేషన్ పడ్డాక చాలా ఆలస్యం. పెళ్లికాని కొడుకు, కూతురు అయితే తల్లిదండ్రులే ధైర్యం చేసి అడగాలి.

మగవారిలో అంగస్తంభన తగ్గడం, ఆడవారిలో యోని పొడిబారి, ఇరుకై కలయికలో నొప్పి రావడం ఉంటాయి. రెండింటికీ చికిత్స ఉంది. మందులు, జెల్లీలు, యోని బిగుసుకుపోకుండా వాడే డైలేటర్లు ఉన్నాయి. ఆడవారు మగ డాక్టరుకు చెప్పలేకపోతే నర్సుకు చెప్పండి. చికిత్స రోజుల్లో గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి.

రేడియేషన్ వల్లే ఇంకో క్యాన్సర్ వస్తుందా?

స్వీడన్ పాత లెక్కల్లో కొంత పెరుగుదల కనిపించింది. తర్వాత మరిన్ని పరిశీలనలను కలిపి చూసినప్పుడు అది తేలలేదు. వయసులో చిన్నవారు దీర్ఘకాలం పరీక్షలు చేయించుకోవాలి. ఈ భయంతో అవసరమైన రేడియేషన్ మానుకోవడం సరికాదు.

రేడియేషన్ తర్వాత రక్తం ఆగింది, నొప్పి పోయింది. ఇంకా ఆపరేషన్ ఎందుకు?

ఈ ఆలోచన వల్ల జరిగే నష్టం ఇప్పటిదాకా చెప్పిన ఇబ్బందులన్నింటికంటే పెద్దది. రక్తం ఆగడం గడ్డ తగ్గిందనడానికి గుర్తే కానీ, పోయిందనడానికి కాదు. ఆరేడు నెలలు బాగుండి, తర్వాత దారి మూసుకుపోయి వచ్చేసరికి ఆపరేషన్ చేయగలిగే దశ దాటిపోతుంది.

కొందరిలో గడ్డ నిజంగానే పూర్తిగా కరుగుతుంది. అలాంటివారిని ఆపరేషన్ లేకుండా గమనించే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ యాంజెలీటా హబర్-గామా బృందం ముందుకు తెచ్చింది. వేలు పరీక్ష, స్కోపీ, ఎం.ఆర్.ఐ. మూడూ శుభ్రంగా ఉంటేనే, మొదటి రెండు మూడేళ్లు మూడు నెలలకోసారి తప్పకుండా అవన్నీ చేయించుకోగలిగితేనే అది భద్రం. నలుగురిలో సుమారు ఒకరికి, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, గడ్డ మళ్లీ మొలుస్తుంది. సమయానికి చూస్తే అప్పుడైనా ఆపరేషన్ చేయవచ్చు. కూలి పోతుందనో, చార్జీలు లేవనో పరీక్షలకు రాలేమని మీకే అనిపిస్తే ఆ మాట డాక్టరుకు నిజాయితీగా చెప్పండి. అప్పుడు ఆపరేషనే మంచి దారి.

ఏ లక్షణాలు కనిపిస్తే రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి?

100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకుమించిన జ్వరం, చలి, ఓ.ఆర్.ఎస్. తాగినా ఆగని విరేచనాలు, మూత్రం రాకపోవడం, కడుపు ఉబ్బి వాంతులు, ఛాతీ నొప్పి, గడ్డలు గడ్డలుగా రక్తం, ఒక్కసారిగా కాళ్లలో బలం తగ్గడం. హైదరాబాద్ చేరేదాకా ఆగవద్దు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ముందు సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, అక్కడి నుంచే మీ క్యాన్సర్ విభాగానికి ఫోన్ చేయించండి.

ఏ కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోవాలి?

బయాప్సీ రిపోర్టు, మొదటి ఎం.ఆర్.ఐ., రేడియేషన్ ముగిశాక ఇచ్చే చికిత్సా సారాంశం. ఆ సారాంశంలో మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని రోజులు, ఏ భాగానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి ఉండాలి, లేకపోతే రాయించుకోండి. పదేళ్ల తర్వాత పేగు మూసుకుని రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఆ పేగు మీద రేడియేషన్ పడిందని కత్తి పట్టుకునే సర్జన్‌కు తెలియాలి. అసలు కాగితాలు ఇంట్లో పెట్టి, ఒక నకలు రోగి దగ్గర, ఫోటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.